ఒకటికి మూడు పాళ్లు: ఫింటాస్ తీరంలో మోల్ లెక్క

రసాయన చర్యలో పదార్థాలు కలిసేది అణువుల లెక్క ప్రకారం. ఒక నైట్రోజన్ అణువుకు మూడు హైడ్రోజన్ అణువులు జతపడితే రెండు అమ్మోనియా అణువులు వస్తాయి. హైడ్రోజన్ నాలుగు ఉంటే ఒకటి మిగిలిపోతుంది. మేస్త్రీ సిమెంటు ఒకటికి ఇసుక ఆరు పాళ్లు కలిపినా, అయిదు పాళ్లు కలిపినా గోడ లేస్తుంది. అణువుల దగ్గర ఆ వెసులుబాటు లేదు. అయితే అణువుల్ని ఎవరూ ఏరి లెక్కపెట్టలేరు. ప్రయోగశాలలోనైనా కర్మాగారంలోనైనా మనిషి చేతికి అందేది తూకం మాత్రమే. తూకాన్ని లెక్కగా, లెక్కను మళ్లీ తూకంగా మార్చే కొలమానం మోల్. దాన్ని తయారుచేసుకోవడానికి యూరప్‌కు దాదాపు నూరేళ్లు పట్టింది. ఆ కొలమానం మీద ఒక తీరం మొత్తం బతికే రోజు ఆ తర్వాత వచ్చింది.

ఆ తీరం కువైట్ నగరానికి దక్షిణాన, అహ్మదీ గవర్నరేట్‌లో ఉంది. అక్కడి ఫింటాస్, చమురు రాకముందు బావుల నీటితో కూరగాయలు, ఖర్జూరాలు పండించుకుంటూ చేపలు పట్టుకుంటూ గడిపిన పల్లె. ఇప్పుడది ఎత్తయిన అపార్టుమెంట్ల వరుస. ఫింటాస్ నుంచి దక్షిణంగా వెళితే మహబూలా, అబూ హలీఫా, మంగాఫ్, ఫహాహీల్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ తర్వాత ఇళ్లు అయిపోయి మీనా అల్ అహ్మదీ రిఫైనరీ, షుఐబా పారిశ్రామిక ప్రాంతం, మీనా అబ్దుల్లా మొదలవుతాయి. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి వెళ్లి ఈ ఊళ్లలో కాపురముంటున్న తెలుగువాళ్లకు ఈ వరుస కంఠతా వచ్చు. వాళ్ల పిల్లలు చదివే ఇండియన్ స్కూళ్లలో పదకొండో తరగతి రసాయనశాస్త్రం మొదటి పాఠంలోనే మోల్ లెక్కలు ఉంటాయి. పుస్తకంలో ఉన్న ఆ లెక్కే, బస్సులో అరగంట దూరం లోపల గొట్టాల్లో పారుతూ ఉంటుంది.

ఈ లెక్కకు పేరు పెట్టినవాడు జెర్మియాస్ బెంజమిన్ రిక్టర్. 1762లో సైలీషియాలో పుట్టాడు. కోనిగ్స్‌బర్గ్‌లో చదువుకుని, రసాయనశాస్త్రంలో గణితం వాడకం మీద 1789లో సిద్ధాంత వ్యాసం రాశాడు. గనుల శాఖలో కొంతకాలం, బెర్లిన్ పింగాణీ కార్ఖానాలో కొంతకాలం ఉద్యోగం చేశాడు. 1792 నుంచి 1794 వరకు వెలువడిన తన గ్రంథంలో, మూలకాన్ని సూచించే గ్రీకు మాటకు కొలతను సూచించే మాటను చేర్చి స్టాయికియోమెట్రీ అనే పేరు పెట్టాడు. ఆయన పట్టుకున్న సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. ఆమ్లానికీ క్షారానికీ సరిపడి తటస్థంగా ఉన్న రెండు లవణాల ద్రావణాల్ని కలిపితే, లోపల భాగాలు చేతులు మారినా మిశ్రమం తటస్థంగానే ఉంటుంది. ఏ పక్కా ఏదీ మిగలలేదంటే, ప్రతి ఆమ్లానికీ ప్రతి క్షారానికీ మధ్య పాళ్లు ముందే స్థిరపడి ఉన్నాయన్నమాట. రిక్టర్ రాసిన తీరు చిక్కుముడిగా ఉండడంతో చదివినవాళ్లు తక్కువ. 1802లో ఎర్నస్ట్ ఫిషర్ ఆయన అంకెలన్నిటినీ ఒకే పట్టికలో కూర్చాకే అందులోని వెలుగు బయటికి కనిపించింది. వెయ్యి పాళ్ల సల్ఫ్యూరిక్ ఆమ్లానికి సున్నం 793 పాళ్లు, సోడా 859 పాళ్లు సరిపోతాయని ఆ పట్టిక చెప్పింది. ఇవాళ్టి లెక్కలో సున్నం 700, సోడా 775 రావాలి. కానీ సోడాకూ సున్నానికీ మధ్య నిష్పత్తిని చూస్తే అప్పటి పట్టికలో 1.08, ఇప్పటి లెక్కలో 1.11. ఆ కాలపు త్రాసులతో అంత దగ్గరికి రావడం మెచ్చుకోదగ్గ పని. రిక్టర్ మాత్రం 1807లో, నలభై అయిదేళ్లకే, తన పనికి దక్కవలసిన పేరు దక్కకుండానే చనిపోయాడు.

పాళ్లు స్థిరమని తెలిసింది గాని, ఎందుకు స్థిరమో తెలియలేదు. దానికి జవాబు జాన్ డాల్టన్ 1808లో ఇచ్చాడు: పదార్థం పరమాణువులతో తయారైంది, ఒక్కో మూలకం పరమాణువుకు ఒక్కో బరువు ఉంటుంది, కాబట్టి కలయికలో తూకాలు కట్టుబడి ఉంటాయి. ఆ జవాబు సరైనదే. అందులో ఒక ఊహ మాత్రం తప్పింది. రెండు మూలకాల కలయిక ఒక్కటే తెలిస్తే అది ఒకటికి ఒకటే అయి ఉంటుందని డాల్టన్ అనుకున్నాడు. ఆయన లెక్కలో నీరు ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్. అమ్మోనియా ఒక నైట్రోజన్, ఒక హైడ్రోజన్. ఫలితంగా నైట్రోజన్ పరమాణువు బరువు ఆయనకు 5గా వచ్చింది. నిజమైన విలువ 14ను మూడు పాళ్లు చేస్తే ఒక పాలు ఆ అంకెకు దగ్గరగా ఉంటుంది. తూకం వేసిన త్రాసు తప్పు చెప్పలేదు. ఎన్ని అణువులు అన్న లెక్క దగ్గరే పొరపాటు జరిగింది.

లెక్కను సరిచేసే ఆధారం అదే ఏడాది ఫ్రాన్సులో దొరికింది. జోసెఫ్ గేలూసాక్ వాయువుల్ని తూచకుండా ఘనపరిమాణంతో కొలిచాడు. ఒక పాలు నైట్రోజన్, మూడు పాళ్ల హైడ్రోజన్, పుట్టేది రెండు పాళ్ల అమ్మోనియా. ఇంత నిండు అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి? 1811లో ఇటలీలో అమెడియో అవొగాడ్రో దీనికి కారణం ఊహించాడు: ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల్లో సమానమైన సంఖ్యలో అణువులు ఉంటాయి, హైడ్రోజన్, నైట్రోజన్ వంటివి జంట పరమాణువులుగా తిరుగుతాయి. గేలూసాక్ గాజుపాత్రలో కొలిచింది నిజానికి అణువుల సంఖ్యనే. ఇంత తేటగా ఉన్న మాటను యూరప్ యాభై ఏళ్ల పాటు పక్కన పెట్టింది. ఒకే రకం పరమాణువులు రెండు జతకట్టగలవని అప్పటి పెద్దలు ఒప్పుకోలేదు. ఆ యాభై ఏళ్లలో ఒకే పదార్థానికి ఒక్కొక్కరు ఒక్కో ఫార్ములా రాసుకున్నారు. 1860 సెప్టెంబరులో కార్ల్స్‌రూలో రసాయనశాస్త్రవేత్తలంతా సమావేశమైనప్పుడు స్టానిస్లావ్ కానిజారో అవొగాడ్రో మాటను మళ్లీ నిలబెట్టాడు. ఆయన 1858లో రాసిన పాఠ్యప్రణాళిక ప్రతుల్ని అక్కడ పంచిపెట్టారు. ఆ తర్వాతే పరమాణు భారాలకు ఒక కుదురు వచ్చింది.

మోల్ అన్న మాటను విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ 1890ల్లో వాడుకలోకి తెచ్చాడు. దాన్ని అర్థం చేసుకోవడానికి ఇనుప సామాన్ల కొట్టు చాలు. ఒక బోల్టు 30 గ్రాములు, ఒక నట్టు 10 గ్రాములు, బోల్టుకు రెండు నట్లు కావాలనుకుంటే, 3 కిలోల బోల్టులకు 2 కిలోల నట్లు తూచి ఇస్తే సరిపోతుంది. ఎవరూ లెక్కపెట్టనక్కరలేదు. తూకంలో నిష్పత్తి 3:2, లెక్కలో 1:2. రెండూ ఒకే సంగతిని రెండు రకాలుగా చెబుతున్నాయి. రసాయనంలో ఒక్కో బోల్టు బరువు స్థానంలో అణుభారం వస్తుంది. హైడ్రోజన్ అణుభారం 2 కాబట్టి 2 గ్రాముల హైడ్రోజన్ ఒక మోల్. 28 గ్రాముల నైట్రోజన్ ఒక మోల్. 17 గ్రాముల అమ్మోనియా ఒక మోల్. మూడింటిలోనూ అణువుల సంఖ్య ఒకటే. 1971లో మోల్‌ను అంతర్జాతీయ ప్రమాణాల్లో మూల ప్రమాణంగా చేర్చారు. 2019 మే 20 నుంచి దానికి తూకంతో ముడి కూడా తెగిపోయింది: 6.02214076ను పదితో 23 సార్లు హెచ్చవేస్తే వచ్చే సంఖ్యే మోల్ అని తీర్మానించారు. లెక్క అన్న అసలు అర్థానికి మోల్ అప్పుడు పూర్తిగా చేరుకుంది.

ఒక టన్ను అమ్మోనియాకు ఎంతెంత సరుకు కావాలో చూస్తే పద్ధతి తెలుస్తుంది. వెయ్యి కిలోల అమ్మోనియాను 17తో భాగిస్తే 58.8 కిలోమోళ్లు. రెండు అమ్మోనియాకు ఒక నైట్రోజన్ కాబట్టి అందులో సగం, 29.4 కిలోమోళ్ల నైట్రోజన్. దానికి మూడింతలు, 88.2 కిలోమోళ్ల హైడ్రోజన్. వీటిని తిరిగి తూకంలోకి మారిస్తే నైట్రోజన్ 824 కిలోలు, హైడ్రోజన్ 176 కిలోలు. కూడితే వెయ్యి. తూకం నుంచి మోళ్లకు, మోళ్ల నిష్పత్తి దాటి అవతలి పదార్థం మోళ్లకు, అక్కడి నుంచి మళ్లీ తూకానికి. లెక్క ఎంత పెద్దదైనా నడిచే దారి ఇదే.

సరుకు సరిపాళ్లలో లేనప్పుడు ఏది ముందు అయిపోతుందన్నది అసలు ప్రశ్న. నైట్రోజన్ 100 కిలోలు, హైడ్రోజన్ 20 కిలోలు ఉన్నాయనుకుంటే, మోళ్లలో అవి 3.57, 10 కిలోమోళ్లు. ఆ నైట్రోజన్ మొత్తం ఖర్చవ్వాలంటే 10.7 కిలోమోళ్ల హైడ్రోజన్ కావాలి. ఉన్నది పదే. కాబట్టి చర్యకు హద్దు గీసేది హైడ్రోజన్. పాఠ్యపుస్తకాలు దీన్నే లిమిటింగ్ రియేజెంట్ అంటాయి. వచ్చే అమ్మోనియా 6.67 కిలోమోళ్లు, అంటే 113 కిలోలు. దాదాపు 7 కిలోల నైట్రోజన్ ఊరికే మిగిలిపోతుంది. పరీక్షలో ఈ హద్దును వెతికి పట్టుకుంటే మార్కులు వస్తాయి. కర్మాగారంలో ఆ హద్దును ముందే నిర్ణయిస్తారు. ఏ పదార్థం ముందు అయిపోవాలో, ఏది మిగలాలో, మిగిలినదాన్ని ఏం చెయ్యాలో కాగితం మీద తేల్చుకున్నాకే పునాది రాయి వేస్తారు.

గేలూసాక్ కొలిచిన ఒకటికి మూడు నిష్పత్తిని కర్మాగారంగా మార్చినవాళ్లు ఫ్రిట్జ్ హేబర్, కార్ల్ బాష్. హేబర్ 1909లో ప్రయోగశాల బల్ల మీద అధిక పీడనంలో అమ్మోనియా బొట్లు రప్పించాడు. బాష్ దాన్ని 1913లో జర్మనీలోని ఒప్పౌలో పరిశ్రమగా నిలబెట్టాడు. పాళ్లు సరిగ్గా ఉన్నా చర్య పూర్తికాదన్నది వాళ్లకు ఎదురైన చిక్కు. ఉత్ప్రేరకం మీదుగా ఒకసారి పోయిన వాయువులో నాలుగోవంతు లోపే అమ్మోనియాగా మారుతుంది. మిగతాదాన్ని చల్లార్చి, అమ్మోనియాను ద్రవంగా తీసేసి, వాయువును మళ్లీ వెనక్కి తిప్పుతారు. ఇలా తిప్పుతున్నప్పుడు నిష్పత్తి ఒకటికి మూడు దగ్గర నిలబడకపోతే ఎక్కువైన వాయువు చక్రంలో పేరుకుపోతుంది. గాలి నుంచి వచ్చే ఆర్గాన్ కూడా ఎవరితోనూ కలవక అలాగే పేరుకుంటుంది. అందుకే కొంత వాయువును ఎప్పటికప్పుడు బయటికి వదలాలి. అమ్మోనియా ఎరువై కోట్లమందికి తిండి పెట్టింది. యుద్ధంలో పేలుడు పదార్థాలకూ ముడిసరుకైంది. అదే హేబర్ 1915లో ఈప్ర్ యుద్ధభూమిలో క్లోరిన్ విషవాయువు ప్రయోగాన్ని దగ్గరుండి నడిపించాడు. ఈ చరిత్ర చెప్పేటప్పుడు ఆ మాట దాటవెయ్యడం సరికాదు. ఆ తర్వాత 1922 ప్రాంతంలో అదే ఒప్పౌలో అమ్మోనియాకు కార్బన్ డయాక్సైడ్ కలిపి యూరియా చేసే పద్ధతి పరిశ్రమ స్థాయికి వచ్చింది. బాష్, మైజర్ పేర్లతో అది నిలిచింది.

కువైట్ కథ ఇక్కడ కలుస్తుంది. బుర్గాన్ చమురు క్షేత్రం 1938లో బయటపడింది. మొదటి ఎగుమతి ఓడ 1946 జూన్ 30న కదిలింది. అహ్మదీ మిట్ట మీద ట్యాంకుల్లోని చమురు, పంపుల అవసరం లేకుండా పల్లానికి పారి తీరంలో ఓడల్లోకి చేరేది. చమురుతో పాటు పైకి వచ్చే గ్యాసుకు మాత్రం అప్పట్లో గిరాకీ లేదు. చాలా భాగాన్ని గొట్టం చివర మంటపెట్టి కాల్చేసేవాళ్లు. ఫింటాస్ పల్లెకు పడమటి ఆకాశం రాత్రుళ్లు ఎర్రగా ఉండిన రోజులవి. ఆ మంటల్లో కాలిపోతున్న గ్యాసులోనే అమ్మోనియాకు కావలసిన హైడ్రోజన్ ఉంది. 1963లో పెట్రోకెమికల్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. మరుసటేడు ఎరువుల కంపెనీ, బ్రిటిష్ పెట్రోలియం, గల్ఫ్ ఆయిల్ భాగస్వామ్యంతో వచ్చింది. 1960ల నడుమ షుఐబాలో అమ్మోనియా, యూరియా తయారీ మొదలైంది.

గ్యాసు నుంచి హైడ్రోజన్ రాబట్టే లెక్క ఇది. ఒక మీథేన్ అణువుకు రెండు నీటి అణువులు చేరితే ఒక కార్బన్ డయాక్సైడ్, నాలుగు హైడ్రోజన్ అణువులు వస్తాయి. కాగితం మీద రెండు పాళ్ల ఆవిరి చాలు. ప్లాంటులో మూడు పాళ్ల దాకా పంపుతారు. ఆవిరి తగ్గితే మీథేన్‌లోని కార్బన్ మసిగా మారి నికెల్ ఉత్ప్రేరకం మీద పేరుకుంటుంది, గొట్టాలు పాడవుతాయి. నీరు చవక, ఉత్ప్రేరకం ఖరీదు. కాబట్టి ముందు అయిపోవలసింది మీథేన్, మిగలవలసింది ఆవిరి. సముద్రపు నీటిని కాచి మంచినీరు చేసుకునే దేశంలో ఆ ఆవిరి కూడా ఊరికే రాదు.

యూరియా దగ్గర కూడా ఇలాంటి నిర్ణయమే ఉంది. సమీకరణం ప్రకారం ఒక కార్బన్ డయాక్సైడ్‌కు రెండు అమ్మోనియా. రియాక్టర్‌లోకి మాత్రం ఒకటికి మూడు నుంచి నాలుగు అమ్మోనియా పంపుతారు. అమ్మోనియా దండిగా ఉంటే కార్బన్ డయాక్సైడ్‌లో ఎక్కువ భాగం యూరియాగా మారుతుంది. మిగిలిన అమ్మోనియాను విడదీసి మళ్లీ మొదటికి పంపుతారు. మొత్తం ప్లాంటు చుట్టూ గీత గీసి లోపలికి పోయినదీ బయటికి వచ్చినదీ చూస్తే, మళ్లీ ఒకటికి రెండే.

తెలుగు రైతు ఇంటికి వచ్చే 45 కిలోల యూరియా బస్తాలో ఈ లెక్కంతా ఉంది. యూరియా అణుభారం 60, అందులో నైట్రోజన్ 28. అంటే 46.7 శాతం. బస్తా మీద 46 శాతం నైట్రోజన్ అని అచ్చువేసేది అందుకే. ఒక్క బస్తాకు 25.5 కిలోల అమ్మోనియా, 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడతాయి, 13.5 కిలోల నీరు విడిపోతుంది. ఆ అమ్మోనియాలో హైడ్రోజన్ నాలుగున్నర కిలోలే, కానీ ఖర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

షుఐబాలో హైడ్రోజన్‌కు మరో పని కూడా పడింది. 1968లో అక్కడ మొదలైన రిఫైనరీ, ప్రతి దశలోనూ హైడ్రోజన్ మీద ఆధారపడిన ప్రపంచపు తొలి రిఫైనరీగా పేరు పొందింది. కువైట్ ముడిచమురులో గంధకం సుమారు 2.5 శాతం. దాన్ని తీయాలంటే గంధకం పరమాణువును పట్టుకున్న రెండు బంధాల్నీ తెంచి, తెగిన కొసల్ని హైడ్రోజన్‌తో మూయాలి. గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా బయటికి వస్తుంది. తేలికైన సందర్భంలో ఒక గంధకం పరమాణువుకు రెండు హైడ్రోజన్ అణువులు, అంటే 32 కిలోల గంధకానికి 4 కిలోల హైడ్రోజన్. ఒక టన్ను ముడిచమురులోని 25 కిలోల గంధకానికి మూడు కిలోల పైచిలుకు. గంధకం వలయంలో ఇరుక్కున్న అణువులకు ఇంతకు రెట్టింపు పడుతుంది. అడుగున మిగిలే బరువైన చమురు అయితే ఇంకా మింగుతుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణాంతక వాయువు. దాన్ని గంధకంగా మార్చే పద్ధతికి కార్ల్ ఫ్రీడ్రిష్ క్లాస్ 1883లో పేటెంటు పొందాడు. ఇప్పటి రూపంలో, మొత్తం వాయువులో సరిగ్గా మూడోవంతును గాలిలో కాల్చి సల్ఫర్ డయాక్సైడ్ చేస్తారు. మిగిలిన రెండు వంతులూ దానితో కలిసి గంధకాన్నీ నీటినీ ఇస్తాయి. మోల్ నిష్పత్తి రెండుకు ఒకటి. ఇక్కడ దేన్నీ మిగల్చడానికి వీల్లేదు. గాలి కాస్త ఎక్కువైతే సల్ఫర్ డయాక్సైడ్, తక్కువైతే హైడ్రోజన్ సల్ఫైడ్ పొగగొట్టం వైపు పోతాయి. చుట్టూ జనం ఉన్నారు. అందుకే చివరి వాయువులో ఆ రెండింటినీ కొలిచే పరికరం పెట్టి, అది చెప్పినట్టు గాలిని ఎప్పటికప్పుడు తగ్గించి పెంచుతారు. ఈ తీరంలో జరిగే మోల్ లెక్కల్లో ఇంత నిక్కచ్చిగా ఉండేది మరొకటి లేదు. గల్ఫ్ రిఫైనరీల పచ్చటి గంధకం సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి ఫాస్ఫేటు ఎరువుల్లోకి పోతుంది. షుఐబా రిఫైనరీని 2017లో మూసేశారు. గంధకం తీసే పని పక్కనున్న మీనా అల్ అహ్మదీ, మీనా అబ్దుల్లాల్లో సాగుతోంది.

1991లో పాళ్ల లెక్క మనిషి చేతి నుంచి జారిపోయింది. కువైట్ నుంచి వెనక్కి తగ్గుతున్న ఇరాక్ సైన్యం 600కు పైగా చమురు బావులకు నిప్పుపెట్టింది. ఫింటాస్‌కు పడమర, నైరుతి దిక్కుల్లోని బుర్గాన్ క్షేత్రం వాటిలో పెద్ద భాగం. రోజుకు 40 నుంచి 60 లక్షల బ్యారెళ్లు కాలిపోయాయని అంచనా. చమురును రెండు హైడ్రోజన్లకు ఒక కార్బన్‌గా లెక్కవేస్తే, 14 కిలోల చమురు పూర్తిగా కాలడానికి 48 కిలోల ఆక్సిజన్ కావాలి. ఒక్క బ్యారెల్‌కు రెండు టన్నుల గాలి. బావి నోటి నుంచి ఎగజిమ్మే చమురు మధ్యభాగానికి అంత గాలి సమయానికి అందదు. అందని చోట కార్బన్ మసై నల్లటి పొగ లేచింది. పట్టపగలు దీపాలు పెట్టుకున్న రోజులవి. కొన్ని బావుల పొగ తెల్లగా ఉండేది. చమురుతో వచ్చిన ఉప్పునీటిలోని లవణాలు దానికి కారణం. విమానాల్లో పొగలోకి వెళ్లి నమూనాలు తీసిన శాస్త్రవేత్తలకు, కాలిన కార్బన్‌లో చాలా పెద్ద భాగం కార్బన్ డయాక్సైడ్‌గానే పోయిందని తేలింది. ఆకాశాన్ని అంతగా కమ్మేసిన మసి మొత్తంలో కొద్ది వంతే. చివరి బావి మంటను 1991 నవంబరు 6న ఆర్పారు.

మళ్లీ యూరియా దగ్గరికి వస్తే, దాని లెక్కలో ఒక లోటు మొదటి నుంచీ దాగి ఉంది. అది తెలుగు తీరానికీ వచ్చింది. 34 కిలోల అమ్మోనియా యూరియాగా మారాలంటే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఆ అమ్మోనియాకు హైడ్రోజన్ ఇచ్చిన మీథేన్ నుంచి ఎంత వస్తుంది? ఆవిరితో మాత్రమే లెక్కవేస్తే 33 కిలోలు. నైట్రోజన్ కోసం గాలిని లోపలికి పంపినప్పుడు వెంట వచ్చే ఆక్సిజన్ కొంత హైడ్రోజన్‌ను తినేస్తుంది, దాన్ని పూడ్చడానికి ఇంకొంచెం మీథేన్ వాడాలి. అప్పుడు సుమారు 39 కిలోలు వస్తాయి. ఇంకా అయిదు కిలోలు తక్కువ. ప్లాంటులో జరిగే చిన్నచిన్న నష్టాల వల్ల మీథేన్ వాడకం పెరిగి ఈ తేడా కొంత తగ్గుతుంది గాని, గ్యాసు పలుచగా ఉన్న చోట పూర్తిగా పోదు. ముడిచమురు నుంచి తీసే నాఫ్తా వాడితే ఇదే లెక్కలో 52 కిలోలు వస్తాయి. బొగ్గు అయితే ఇంకా ఎక్కువ. నాఫ్తాలో కార్బన్‌తో పోలిస్తే హైడ్రోజన్ తక్కువ. అందుకే నాఫ్తా మీద నడిచిన ఎరువుల ప్లాంట్లు ఖర్చు తగ్గించుకోవడానికి సహజవాయువుకు మారగానే, ఎన్నడూ కొరత లేని కార్బన్ డయాక్సైడ్‌కు కొరత వచ్చింది. యూరియాకు హద్దు గీసేది అదే అయింది.

దీనికి దొరికిన దారి పొగగొట్టంలో ఉంది. మీథేన్‌ను వేడిచెయ్యడానికి కొలిమిలో కాల్చే ఇంధనం నుంచి కార్బన్ డయాక్సైడ్ ఎలాగూ గాలిలోకి పోతోంది. దాన్ని అమైన్ ద్రావణంతో పట్టి, వేడిచేసి విడిపించి, యూరియా రియాక్టర్‌కు పంపే యూనిట్లకు జపాన్‌కు చెందిన మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ సాంకేతికత అందించింది. కాకినాడలో నాగార్జున ఎరువుల కర్మాగారంలో 2009లో రోజుకు 450 టన్నులు పట్టే యూనిట్ వచ్చింది. ఆ తర్వాత అంతే పెద్దది బహ్రెయిన్‌లోని గల్ఫ్ పెట్రోకెమికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో వచ్చింది. 1979లో ఏర్పడిన ఆ కంపెనీలో బహ్రెయిన్, సౌదీ సంస్థలతో పాటు మూడోవంతు భాగస్వామి కువైట్ పెట్రోకెమికల్ ఇండస్ట్రీస్ కంపెనీయే. కాకినాడ తీరంలోనూ గల్ఫ్ తీరంలోనూ కనిపించిన లోటు ఒకటే, పూడ్చిన పద్ధతి ఒకటే. 450 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పూర్తిగా యూరియాలోకి పోతే 348 టన్నుల అమ్మోనియాతో కలిసి 614 టన్నుల యూరియా అవుతుంది. పొగలో పోయేదాన్ని పట్టుకుంటే రోజుకు 13 వేలకు పైగా బస్తాలు.

కర్మాగారాల సామర్థ్యపు అంకెల్లో కూడా ఈ నిష్పత్తి చదువుకోవచ్చు. ఒమన్‌లోని సూర్‌లో 2005లో మొదలైన ఒమన్ ఇండియా ఫర్టిలైజర్ కంపెనీలో రెండు వరుసల ప్లాంట్లున్నాయి. ఒక్కో వరుసలో రోజుకు 1,750 టన్నుల అమ్మోనియా, 2,530 టన్నుల యూరియా. 2,530ని 34తో హెచ్చవేసి 60తో భాగిస్తే 1,434. ఒక్కో వరుసలో మూడువందల టన్నులకు పైగా అమ్మోనియా మిగలాలి. నిజంగానే అది ఏటా రెండున్నర లక్షల టన్నుల దాకా అమ్మోనియాను విడిగా అమ్మేలా కట్టిన కర్మాగారం. ఆ మిగులు ఓడల్లో భారత్‌కు వస్తూ వచ్చింది.

రామగుండంలో పరిస్థితి వేరు. అక్కడ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన పాత కర్మాగారం బొగ్గు మీద నడిచింది. కార్బన్ డయాక్సైడ్‌కు కొరత లేని లెక్క దానిది. మిగతా కష్టాలు తట్టుకోలేక 1999లో మూతపడింది. అదే ఆవరణలో సహజవాయువుతో నడిచే కొత్త ప్లాంటు 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. 3,850 టన్నుల యూరియాకు కావలసిన అమ్మోనియా 2,182 టన్నులు. మిగిలేది 18 టన్నులు.